ఖో అనకుండా లేచిన పిల్లలు

నా ఉద్యోగంలో చివరి బడి పాతబస్తీలో, మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక వీధిలో ఉన్న ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాల. అక్కడ నేను పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయినిని. కరోనా తర్వాత బడులు మళ్లీ పూర్తిగా నడిచిన రెండో ఏడాది, ఫిబ్రవరి ఆఖరులో, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ఊరి బయట ఒక వినోద పార్కుకు తీసుకెళ్లే బాధ్యత నాకు అప్పగించారు. ఆ పార్కులో తాళ్ల వంతెనలు, ఎక్కే వలలు, ఎత్తైన చెక్క మంచెలు ఉన్న సాహస క్రీడల ఆవరణ ఒకటి ఉంది. పిల్లలు నెలరోజులుగా దాని గురించే మాట్లాడుకుంటున్నారు.

బడి యాత్ర అంటే చూసేవాళ్లకు బస్సు, పులిహోర, ఫోటోలు గుర్తొస్తాయి. మాకు అది కాగితాలతో మొదలవుతుంది. హెడ్‌మిస్ట్రెస్ ప్రతిపాదన పంపాలి, విద్యాశాఖ డిప్యూటీ ఈఓ కార్యాలయం అనుమతి ఇవ్వాలి, ప్రతి పిల్ల తల్లి గానీ తండ్రి గానీ అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. ఆడపిల్లల వెంట ఆడ టీచర్లే ఉండాలి. హోదాలో పీఈటీ చిన్న ఉద్యోగి. స్కూల్ అసిస్టెంట్లు, అంటే పెద్ద తరగతులకు పాఠాలు చెప్పేవాళ్లు, మాకంటే పైన. కానీ యాత్రకు ఎవరిని ఇన్‌ఛార్జిగా వేస్తే బస్సు గేటు దాటినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా వాళ్ల మాటే చెల్లుతుంది. నా వెంట వచ్చిన ఫర్హానా మేడమ్ ఉర్దూ మీడియంలో సాంఘికశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంట్. నాకంటే సీనియర్. బస్సెక్కేటప్పుడే నవ్వుతూ, "ఈరోజు మీరు హెడ్‌మాస్టర్, నేను స్టూడెంట్" అన్నది.

ఆ రోజు జరిగింది అర్థం కావాలంటే మా ఈల సంగతి, మా మైదానం సంగతి కొంచెం చెప్పాలి. పీఈటీ మెడలో ఈల ఊరికే వేలాడదు. నా పిల్లలకు దాని భాష నేర్పాను. ఒక పొడుగు ఈల వేస్తే ఉన్నచోటే కదలకుండా నిలబడాలి. రెండు పొట్టి ఈలలైతే వరుస కట్టాలి. మూడైతే ఎక్కడున్నా పరిగెత్తి నా దగ్గరికి రావాలి. మా బడి మైదానమేమో చుట్టూ తరగతి గదుల మధ్య ఇరుక్కున్న చిన్న జాగా. పరీక్షల రోజుల్లో అక్కడ ఈల వేయడానికి లేదు, అరవడానికి లేదు. అయినా టోర్నమెంటుకు సాధన ఆపలేం. అందుకని ఆ రోజుల్లో మా పిల్లలు ఖోఖో నోరు విప్పకుండా ఆడేవాళ్లు. రెండు అరచేతులు కిందికి చూపిస్తే వరుసగా కూర్చోవడం, వీపు మీద చెయ్యి పడితే "ఖో" మాట లేకుండానే లేచి పరిగెత్తడం వాళ్లకు అలవాటు.

ఆ జట్టుకు కెప్టెన్ సమీనా. తొమ్మిదో తరగతి, ఉర్దూ మీడియం. తండ్రి చార్మినార్ వెనక గల్లీలో లక్క గాజుల కొలిమి దగ్గర పని చేసేవాడు. తల్లి ఖైరున్నీసా బేగం ఇంట్లో కూర్చుని ఆ గాజులకు రాళ్లు అతికేది. అందరి సంతకాలూ వచ్చాయి గానీ సమీనాది రాలేదు. పిల్ల మొహం చూడలేక ఒక సాయంత్రం వాళ్లింటికి నేనే వెళ్లాను.

ఖైరున్నీసా బేగం ఒళ్లో పళ్లెం పెట్టుకుని, చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, రాళ్లు ఏరి అతుకుతూనే మాట్లాడింది. "ఆటలకు పంపిన, వరంగల్‌ల టోర్నమెంటుకు గూడ పంపిన. ఇది వేరే మేడమ్. తాళ్ల మీద నడుసుడేంది? ఊపర్ చఢ్‌నే కా కామ్ నక్కో."

ఎక్కడం దిగడం మాకు వద్దు అన్నదన్నమాట. నడుముకు, తొడలకు బెల్టులుంటాయని, నెత్తికి హెల్మెట్ ఉంటుందని, బెల్టు నుంచి పైనున్న ఇనుప తీగకు రెండు కొక్కేలు తగిలిస్తారని, కాలు జారినా వేలాడుతుందే తప్ప కింద పడదని వివరంగా చెప్పాను. ఆమె పళ్లెం పక్కన పెట్టి ఉర్దూలో సంతకం చేసింది. "ఆప్ కే భరోసే పే," అన్నది. మీమీద నమ్మకంతో అని.

పార్కులో పొద్దున అంతా బాగానే గడిచింది. పార్కు మనుషులు కొక్కేలు తగిలించి మారుస్తుంటే టైర్ల గోడ ఎక్కారు, వల మీద పాకారు, పులిహోర తిన్నారు. మధ్యాహ్నం అందరం సాహస ఆవరణ చివరికి చేరాం. అక్కడ రెండంతస్తుల ఎత్తులో రెండు చెక్క మంచెలు ఎదురెదురుగా ఉన్నాయి. వాటి మధ్య ఇనుప తీగలకు పలకలు కట్టిన ఊగే వంతెన, పట్టుకోవడానికి రెండు పక్కలా తాళ్లు. దానిపైన మనిషి తలకు కొంచెం ఎత్తున మరో తీగ, ప్రాణాధారం లాంటిది. పిల్లల బెల్టు నుంచి వచ్చే కొక్కేలు ఆ తీగకే తగిలిస్తారు. ఒకదానికి ఎర్ర టేపు, రెండోదానికి నీలం టేపు. ఒక తీగ నుంచి ఇంకో తీగకు మారేటప్పుడు ముందు ఎరుపు మార్చాలి, అది బిగుసుకుందని లాగి చూశాకే నీలం తీయాలి. రెండూ ఒకేసారి ఎప్పుడూ తీయకూడదు. మొదటి మంచె మీద కొక్కేలు తగిలించే అతను నర్సింగ్, ముప్ఫై ఏళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. రెండో మంచె మీద ఉండాల్సినతను భోజనానికి దిగాడు. ఇటునుంచి పంపి మళ్లీ ఇటే పిలిపిస్తానని, అక్కడ పిల్లలు కొక్కేలు ముట్టుకోవలసిన పని పడదని నర్సింగ్ చెప్పాడు. ఆ మంచె మీద గూటానికి కట్టిన చిన్న తీగ దాకా వంతెన తీగ వెళ్తుంది, అక్కడ నిలబడి వెనక్కి తిరిగి వస్తే చాలని.

సమీనా ముందు వెళ్లింది. ఆమె వెనక భవాని. భవాని ఎనిమిదో తరగతి, తెలుగు మీడియం, మాదన్నపేట మార్కెట్‌లో మూటలు మోసే మల్లయ్య కూతురు. ఆటల పీరియడ్‌లో గోడ నీడన నిలబడి మిగతా పిల్లల చెప్పులు కాపలా కాసేది. బంతి దగ్గరికొస్తే కళ్లు మూసుకునేది. ఆ రోజు ఎలా ఎక్కిందో నాకు ఆశ్చర్యమే. "సమీనక్క ముంగట నడిస్తె నేను నడుస్త టీచర్" అన్నది.

సమీనా వంతెన సగం నడిచి సగం పరిగెత్తి, రెండో మంచె మీదికి రెండు కాళ్లతో దూకింది. గెలిచినట్టు చేతులెత్తి పెద్దగా కేక వేసింది. ఆ వెంటనే గూటం దగ్గరి చిన్న తీగ చూసి, అందరూ అలాగే చేస్తారనుకుని, కొక్కేలు రెండూ ఒకటి తర్వాత ఒకటి దానికి మార్చేసుకుంది. సరిగ్గానే మార్చింది. కానీ వెనక్కి రావాలంటే ఇప్పుడు మళ్లీ మార్చుకోవాలి.

నేను కింద, రెండో మంచె కాళ్లకు దగ్గరలో ఉన్నాను. ఆమె దూకిన చప్పుడుకు తల ఎత్తాను. మంచె అడుగున, అలంకారానికి కట్టిన పాత ఫ్లెక్సీ బట్ట ఒక పక్క ఊడి వేలాడుతోంది. దాని వెనక ఏదో నల్లగా, చేటంత వెడల్పున ఉంది. మొదట తడిసిన గోనెసంచి అనుకున్నాను. అంతలో దాని మీద ఒక మెరుపు ఇటునుంచి అటు అలలా పాకింది. మళ్లీ పాకింది. అది తేనెతుట్టె. అలా మెరిసేవి దాన్ని కప్పుకుని ఉన్న తేనెటీగల రెక్కలు.

నర్సింగ్ పైనుంచి నా చూపు ఎటు ఉందో గమనించాడు. "అది మూన్నెల్ల సంది ఉన్నది మేడమ్. ఎవ్వల్ని ఏమనలే," అన్నాడు మామూలుగా.

అతను ఆ మాట పూర్తి చేసేలోపే కొన్ని ఈగలు తుట్టె వదిలి గాలిలో తిరగడం మొదలుపెట్టాయి. గుయ్యిమనే శబ్దం పెరిగింది.

నా చెయ్యి ఈల మీదికి వెళ్లింది. అది ముప్ఫై ఏళ్ల అలవాటు. పెదవుల దాకా వచ్చాక ఆగిపోయాను. శబ్దానికి తేనెటీగలు రేగుతాయో లేదో నాకు తెలియదు. నా పిల్లలు ఏం చేస్తారో మాత్రం తెలుసు. మూడు ఈలలు వేస్తే అందరూ పరిగెత్తి నా దగ్గరికే వస్తారు. నేను నిలబడింది సరిగ్గా ఆ తుట్టె కింద. నోటితో "తేనెటీగలు" అంటే చాలు, అరుపులు, పరుగులు, తోపులాట. స్కౌట్స్ అండ్ గైడ్స్ శిక్షణ శిబిరంలో మాకు చెప్పింది గుర్తుంది. ఈగలు ఇంకా మీద పడకముందైతే నెమ్మదిగా దూరం జరగాలి, చేతులు ఊపకూడదు, ఒక్కదాన్ని కూడా కొట్టకూడదు. కొడితే ఆ వాసనకు మిగతావి వస్తాయి.

ఈలను జాకెట్ లోపలికి తోసేశాను. పిల్లలకు ఎదురుగా వచ్చి రెండు అరచేతులూ కిందికి చూపించాను.

మొదట ఖోఖో జట్టు పిల్లలు కూర్చున్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లు కూర్చున్నారు. ఒకరిద్దరు నవ్వారు, ఇదేదో ఆట అనుకుని. నేను పెదవుల మీద వేలు పెట్టాను. నా మొహంలో ఏం కనిపించిందో, నవ్వు ఆగిపోయింది. ఫర్హానా మేడమ్ నావైపు వస్తుంటే, పైకి ఒక్కసారి చూపించి, భోజనాల హాలు వైపు చెయ్యి చాపాను. ఆమె ఒక్క ప్రశ్న అడగలేదు. చున్నీ నెత్తిన కప్పుకుని హాలు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

వరుస చివర నుంచి మొదలుపెట్టాను. ఒక పిల్ల వీపు మీద చెయ్యి వేశాను. ఆమె లేచి, మాట లేకుండా, హాలు వైపు నడిచింది. పరిగెత్తబోతే భుజం మీద చెయ్యి నొక్కి నడకకు మార్చాను. తర్వాతి పిల్ల. తర్వాతి పిల్ల. తలల మీద ఈగలు తిరుగుతున్నాయి. ఒక పిల్ల బుగ్గ మీద కుట్టింది. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి గానీ ఆ పిల్ల నా చెయ్యి తన వీపు మీద పడేదాకా లేవలేదు. నా ఉద్యోగంలో జిల్లా స్థాయి కప్పులు చూశాను, పతకాలు చూశాను. ఆ వరుస అంత బాగా ఆడిన జట్టును మాత్రం చూడలేదు.

చివరి పిల్ల లోపలికి వెళ్లాక ఫర్హానా మేడమ్ తలుపు మూసింది. అద్దాల వెనక మొహాలు కనిపించాయి. అప్పుడు పైకి చూశాను.

భవాని వంతెన మధ్యలో రెండు తాళ్లూ పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. సమీనా రెండో మంచె మీద మెడ మీద కొట్టుకుంటోంది. ఒకటి కుట్టింది, ఆమె దాన్ని కొట్టింది, ఇంకో రెండు వచ్చాయి.

ఎవరు కబురు చేశారో, ఆ సమయానికి పార్కు మేనేజర్ స్కూటర్ మీద వచ్చాడు. వెనక ఒకతను గోనెసంచులు, అగ్గిపెట్టె పట్టుకుని ఉన్నాడు. "ఫికర్ చెయ్యకుర్రి మేడమ్. కింద పొగ పెడితె లేచి పోతయి," అన్నాడు.

"లేచి ఎక్కడికి పోతాయి?" అన్నాను. పైన పిల్ల ఉంది.

"ఇది మా పార్కు మేడమ్, మాకు ఎరుకే," అన్నాడు గొంతు పెంచి.

"ఆ పిల్ల నా పిల్ల. ఇక్కడ అగ్గి గీస్తే మీ పేరు నేనే పోలీసులకు చెప్తాను. ఆ స్కూటర్ తీసుకెళ్లి కారు తెప్పించండి, గేటు దగ్గర డాక్టరుంటే తీసుకురండి." ఇంత నెమ్మదిగా ఎవర్నైనా బెదిరించడం నాకు అదే మొదటిసారి. అతను గోనెసంచులు కింద పెట్టించి వెళ్లాడు.

నేను మొదటి మంచె నిచ్చెన ఎక్కాను. యాభై ఎనిమిదికి దగ్గరపడుతున్న మోకాళ్లు. నర్సింగ్ చెయ్యిచ్చి పైకి లాగాడు. "నేను పోత మేడమ్. కాని వంతెన మీద ఇద్దరికంటె ఎక్కువ ఉండొద్దు. ముందుగాల ఈ పిల్ల వెనకకు రావాలె," అన్నాడు. అతను చెప్పింది సరైనదే. రెండో మంచె నిచ్చెన వైపు నుంచి ఎక్కడానికి లేదు, తుట్టె ఆ నిచ్చెన పక్కనే ఉంది.

"భవానీ, మెల్లగా వెనక్కి నడువమ్మా," అన్నాను.

భవాని కదల్లేదు. తల మాత్రం కొంచెం తిప్పింది. "టీచర్, అక్క ఒక్కతే అయితది."

అప్పుడే సమీనా వంగింది. చున్నీ అడ్డం పడి కళ్లు సరిగా కనిపించడం లేదేమో, రెండు చేతులతో గూటం దగ్గరి కొక్కేలు తడుముతోంది. రెండూ విప్పేసి నిచ్చెన మీద నుంచి పరిగెత్తాలన్నది ఆమె ఆలోచన. అది నాకు ఇవతల నుంచే అర్థమైంది. నిచ్చెన పైమెట్టుకు మూరెడు దూరంలో తుట్టె. కొక్కేలు లేకుండా, కళ్లు మూసుకుని, ఆ ఎత్తులో. ఎర్ర టేపు కొక్కెం అప్పటికే ఊడింది.

పేరు పెట్టి పిలిస్తే వినే స్థితిలో ఆమె లేదు. ఈల తీసి, ఒకటే, పొడుగ్గా ఊదాను.

సమీనా ఆగింది. ఆలోచించి ఆగలేదు, శరీరం ఆగింది. ఆరో తరగతి నుంచి వేసిన ఈల అది. నీలం కొక్కెం మీద వేళ్లు అలాగే ఉండిపోయాయి.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పి చేయించింది కాదు. భవాని ముందుకు నడిచింది. నేను "వెనక్కి" అన్నాను. ఆమె ముందుకే, పలక మీద పలక, పాదం ఎత్తకుండా జరుపుతూ వెళ్లింది. వంతెన ఊగలేదు. వంతెన చివర, మంచె మీద కాలు పెట్టకుండానే ఆగి, చెయ్యి చాపి సమీనా మణికట్టు పట్టుకుంది.

"సమీనక్కా, హిల్ నక్కో," అన్నది. కదలొద్దని. "చున్నీ మొత్తం మూతికి సుట్టుకో. కండ్లు మూస్కో. నేనున్న."

"జల్‌రా భవానీ, బహుత్ జల్‌రా," మండుతోందని ఏడ్చింది సమీనా.

"ఎరుకే అక్కా. గివి ముట్టకు. నేను మారుస్త." భవాని పైకి చెయ్యి చాపి, ఊడిన ఎర్ర కొక్కేన్ని వంతెన తీగకు తగిలించింది. లాగి చూసింది. మళ్లీ లాగి చూసింది. ఆమె చేతి మీద ఈగలు వాలాయి. ఆమె విదిలించలేదు. ఆ తర్వాతే నీలం తీసి, దాన్నీ ఇటు తగిలించింది. భయం వల్ల పొద్దుటి నుంచి ప్రతి పిల్ల కొక్కేలు ఎలా మారుతున్నాయో రెప్ప వేయకుండా చూస్తూ ఉందట. తర్వాత చెప్పింది.

"ఇగ నడువు. నా భుజం పట్టుకో."

ఇద్దరూ వచ్చారు. భవాని ముందు, మొహమంతా చున్నీ చుట్టుకున్న సమీనా ఆమె భుజం పట్టుకుని వెనక. మొదటి మంచెకు చేరగానే నర్సింగ్ కొక్కేలు విప్పి, వానకు వాడే ప్లాస్టిక్ పట్టా తీసి ఇద్దరి మీదా కప్పాడు. నిచ్చెన దిగాక మాత్రం పరిగెత్తాం. వెంట వచ్చిన ఈగలు నా చెవి మీద, మెడ మీద కుట్టాయి. మేనేజర్ తెప్పించిన కారు తలుపు తెరిచి ఉంది. పిల్లల్ని లోపలికి తోసి అద్దాలెత్తేశాం.

గండం గడిచిందని నేను అనుకున్నాను. కారులో చున్నీ తీశాక సమీనా పెదవులు చూశాను. రెండింతలు అయ్యాయి. "మేడమ్, గలా..." అని గొంతు పట్టుకుంది. ఊపిరి తీస్తుంటే పిల్లి కూతలా సన్నటి శబ్దం. మామూలు వాపుకు, ఇలా గొంతు మూసుకుపోయే అలర్జీకి తేడా మాకు ప్రథమ చికిత్స తరగతిలో చెబుతారు. రెండోది ఆగదు. ఫర్హానా మేడమ్‌కు ఫోన్ చేసి, మిగతా పిల్లల్ని హాల్లోనే ఉంచమని, కుట్టిన వాళ్లను చూసుకోమని, లెక్క తప్పకుండా బస్సు ఎక్కించి బడికి చేర్చమని చెప్పాను. ఆ క్షణం నుంచి ఇన్‌ఛార్జి ఆమె.

నర్సింగ్ కారు నడిపాడు. రోడ్డు మీదికి రాగానే ఉన్న చిన్న ప్రైవేటు ఆసుపత్రి ముందు ఆపాడు. నేను గుమ్మంలోంచే "తేనెటీగలు కుట్టాయి, గొంతు మూసుకుపోతోంది" అని అరిచాను. ఆ రోజు నేను అరిచింది అప్పుడొక్కసారే. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా తొడకు సూది వేసింది. మంచం పక్కన నేను సమీనా చెయ్యి పట్టుకుని ఆ సన్నటి కూత వింటూ నిలబడ్డాను. అది ఎప్పుడు ఆగుతుందోనని, మరోలా ఆగిపోతుందేమోనని. భవాని తలుపు దగ్గర వాచిన చేతిని కదలకుండా పట్టుకుని చూస్తోంది. కొంతసేపటికి కూత తగ్గింది. సమీనా కళ్లు తెరిచి, "భవానీ కహాఁ?" అన్నది, భవాని ఎక్కడని.

అంబులెన్సులో పాతబస్తీ వైపు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. ఒక రాత్రి పరిశీలనలో ఉంచాలన్నారు. ఖైరున్నీసా బేగం, ఆమె భర్త ఆటోలో వచ్చారు. ఆమె వేళ్లకు లక్క అంటుకునే ఉంది. నావైపు చూడకుండా వార్డులోకి వెళ్లింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ సమయంలో నాకు మెమోలు, విచారణలు గుర్తు రాలేదు. ఆమె బయటికి వచ్చి ఏమంటుందోనన్న ఆలోచన ఒక్కటే.

బయటికి వచ్చి, "కిస్నే ఉతారా?" అని అడిగింది. ఎవరు దింపారు అని.

నేను భవానిని చూపించాను. బెంచీ మీద తండ్రి మల్లయ్య పక్కన కూర్చుని ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఖైరున్నీసా బేగం ఆమె ముందుకు వచ్చి నిలబడింది. "ఖానా ఖాయీ?" అన్నది, అన్నం తిన్నావా అని. భవాని తల అడ్డంగా ఊపింది. ఖైరున్నీసా బేగం భర్తను బయటికి పంపి ఇడ్లీ తెప్పించి, కుడిచెయ్యి వాచిందని తనే తినిపించింది. మల్లయ్య లేచి నిలబడిపోయాడు, కూర్చోవాలో వద్దో తెలియక.

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"బెల్టుంటది, హెల్మెట్ ఉంటది, కొక్కేలుంటయి అని అన్నీ చెప్పిన్రు మేడమ్. ఈ మక్ఖియోఁ కా నై బోలే." ఈ ఈగల సంగతి చెప్పలేదని.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

"మాలూమ్ కర్నా థా నా, మేడమ్."

తెలుసుకోవాల్సింది కదా అని ఆమె మాట.

మర్నాడు సమీనాను ఇంటికి పంపారు. డిప్యూటీ ఈఓ కార్యాలయం నుంచి సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి హెడ్‌మిస్ట్రెస్ ద్వారా పంపాను. విచారణకు వచ్చిన అధికారి పిల్లల్ని విడివిడిగా అడిగాడు, ఫర్హానా మేడమ్ వాంగ్మూలం రాసుకున్నాడు. చివరికి ఇకముందు యాత్రల్లో జాగ్రత్త వహించాలన్న హెచ్చరికతో ఫైలు మూశారు. ఆ ఏడాదికి యాత్రలన్నీ ఆపేశారు. కొందరు తల్లిదండ్రులు బడికి వచ్చి లొల్లి చేశారు, ఆడపిల్లలకు ఇలాంటివి ఎందుకని. నాకు అసలు భయం అదే. ఒక మధ్యాహ్నం వల్ల ఆ పిల్లలందరికీ మైదానం తలుపు మూసుకుపోతుందేమోనని.

మూసుకుపోలేదు. మరుసటి ఏడాది యాత్రకు అనుమతి వచ్చినప్పుడు సమీనా పదో తరగతి. తేనెటీగలకు దూరంగా ఉండాలని డాక్టర్లు చెప్పారు కనుక ఆమె రాదనుకున్నాను. అంగీకార పత్రం అందరికంటే ముందు వాళ్లింటి నుంచే వచ్చింది. యాత్ర రోజు ఖైరున్నీసా బేగం బస్సు దగ్గరికి టిఫిన్ డబ్బాతో వచ్చి, "మై భీ ఆతీ," నేను కూడా వస్తానని ఎక్కి కూర్చుంది. తోడుగా వచ్చే తల్లుల పేర్లు కూడా అనుమతి పత్రంలో చేర్చే పద్ధతి మా బడిలో అప్పటి నుంచి మొదలైంది.

ఆ సంవత్సరం వేరే పార్కు. పిల్లల్ని బస్సులోనే కూర్చోబెట్టి నేను, ఖైరున్నీసా బేగం ముందు లోపలికి నడిచాం. ప్రతి ఎక్కే సామాను దగ్గరా పైకి కాకుండా అడుగున చూశాం. ఆ తర్వాత అక్కడ పనిచేసే అతన్ని అడిగాను. బెల్టులు బాగున్నాయా, హెల్మెట్లు సరిపోతాయా అని కాదు. వాటికి ఎవరైనా బాగున్నాయనే చెబుతారు. నర్సింగ్ మంచి మనిషి, పనిలో శ్రద్ధ ఉన్నవాడు. అయినా ఆ తుట్టె గురించి నాకు పొద్దున చెప్పలేదు. దాచాలని కాదు. మూడు నెలలు రోజూ చూసి చూసి, అది అతనికి కనిపించడం మానేసింది. అందుకని నేను ఇలా అడిగాను. "ఇక్కడ మీకు అలవాటైపోయి, కొత్తవాళ్లకు చెప్పాలని తోచనిది ఏదైనా ఉందా?"

అతను మొదట ఏమీ లేదన్నాడు. కొంచెం ఆలోచించి, "ఆ ఆఖరు నిచ్చెనకు మూడో మెట్టు జెర ఊగుతది మేడమ్. మేం దాన్ని తప్పిచ్చి ఎక్కుతం," అన్నాడు.

ఆ నిచ్చెన ఆ రోజు మూయించాను. రిటైరయ్యేదాకా ప్రతి యాత్రలోనూ ఆ ప్రశ్న అడిగాను. ఏమీ లేదన్న జవాబుతో మొదటిసారే వెళ్లిపోకుండా, రెండో జవాబు వచ్చేదాకా నిలబడ్డాను. ఉద్యోగంలో కొత్తగా చేరే పీఈటీలు సలహా అడిగితే నేను చెప్పేది ఇంతే.